ట్రీ, స్టాక్ ప్రాబ్లమ్స్: మిగిలిన పని ఏమిటో చూసి విప్పడం ఎలా

ట్రీ (ఒక నోడ్ కింద పిల్ల నోడ్లు వేలాడే డేటా అమరిక, అన్నిటికంటే పైనుండే నోడ్ రూట్) ప్రాబ్లమ్ కనబడగానే చాలామంది ఇది ప్రీఆర్డరా, ఇన్‌ఆర్డరా, పోస్ట్‌ఆర్డరా అని, అంటే నోడ్‌ని దాని పిల్లలకంటే ముందు చూడాలా, ఎడమ కుడిల మధ్యలోనా, చివరనా అని గుర్తు తెచ్చుకోవడం మొదలుపెడతారు. స్టాక్ (చివర పెట్టింది ముందు బయటికొచ్చే జాబితా, పెట్టడం పుష్, తీయడం పాప్) ప్రాబ్లమ్ అయితే ఇంతకుముందు చేసినవాటిలో దేనిలా ఉందో వెతుకుతారు. రెండింటినీ వేర్వేరు అధ్యాయాలుగా చదవడం వల్ల వచ్చిన అలవాటు ఇది. నన్నడిగితే రెండిట్లోనూ మొదటి ప్రశ్న ఒకటే: ఇప్పుడు నేను కిందికి దిగితే పైన ఏ పని సగంలో ఆగుతుంది?

ఆగిన పని గుర్తుండాలి కదా. రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) రాస్తే ఆ గుర్తుపెట్టుకునే పని ప్రోగ్రామింగ్ భాష చూసుకుంటుంది. లూప్ రాస్తే మీరే ఒక స్టాక్‌లో పెట్టుకోవాలి. అసలు ఏ పనీ ఆగకపోతే రెండూ అక్కర్లేదు. బైనరీ సెర్చ్ ట్రీలో (ప్రతి నోడ్‌కీ ఎడమవైపు ఉన్నవన్నీ దానికంటే చిన్నవి, కుడివైపువన్నీ పెద్దవి) ఒక విలువను వెతకడం అలాంటిదే. చిన్నదైతే ఎడమకి, పెద్దదైతే కుడికి వెళ్తాం, వెనక్కి తిరిగి రావాల్సిన అవసరం ఉండదు. అక్కడ మామూలు వైల్ లూప్ చాలు. అయినా అలవాటుకొద్దీ రికర్షన్ రాసేవాళ్లే ఎక్కువ.

మొదటి అడుగు: కోడ్ ముట్టుకోకముందే అడగండి

ఇంటర్వ్యూలో అయినా, స్నేహితుడితో కూర్చుని చర్చిస్తున్నా, ఈ నాలుగూ తేలాకే ముందుకెళ్లండి. ట్రీ ఖాళీగా ఉండొచ్చా? ఒకే విలువ రెండుసార్లు రావచ్చా? ఎత్తు (రూట్ నుంచి అన్నిటికంటే కిందున్న నోడ్ దాకా) అంటే నోడ్లు లెక్కపెట్టాలా, వాటిని కలిపే గీతలైన ఎడ్జ్‌లా? ట్రీ బ్యాలెన్స్ అయి, అంటే రెండు వైపులా ఇంచుమించు ఒకే లోతుతో, ఉందని ఎవరైనా హామీ ఇచ్చారా?

చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. 10 లక్షల నోడ్లున్న ట్రీ పూర్తిగా బ్యాలెన్స్ అయి ఉంటే 20 స్థాయిల్లో సరిపోతుంది, ఎందుకంటే 2ను 20సార్లు గుణిస్తే 10,48,576 వస్తుంది. 1962లో ఆడెల్సన్ వెల్స్కీ, లాండిస్ ప్రతిపాదించిన ఏవీఎల్ ట్రీ (తనను తాను బ్యాలెన్స్‌గా ఉంచుకునే బైనరీ సెర్చ్ ట్రీ) అయితే అన్నే నోడ్లకు ఎత్తు 30 లోపే ఉంటుంది. అదే మామూలు బైనరీ సెర్చ్ ట్రీలోకి విలువల్ని చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా చొప్పిస్తే ప్రతి నోడూ ముందుదానికి కుడివైపే తగులుకుంటుంది. ఎత్తు 10 లక్షలు అవుతుంది. అందుకే రికర్షన్‌కి ఎంత మెమరీ పడుతుందని అడిగితే వెంటనే "లాగ్ ఎన్" (ఎన్ నోడ్ల సంఖ్య అయితే, 2ను ఎన్నిసార్లు గుణిస్తే ఎన్ వస్తుందో ఆ సంఖ్య) అనేయకండి. "ట్రీ ఎత్తు ఎంతో అంత" అనండి. బ్యాలెన్స్ అయిన ట్రీ అని తేలాకే అది లాగ్ ఎన్.

పైథాన్‌లో రికర్షన్ లోతుకు మామూలుగా ఉండే పరిమితి 1000. పైన చెప్పినలాంటి గొలుసు ట్రీలో రెండు వేల నోడ్లున్నా చాలు, అల్గారిథమ్ ఎంత సరైనదైనా ఎర్రర్ వస్తుంది. పరిమితి పెంచుకోవచ్చు గానీ మరీ పెంచితే కొన్ని సందర్భాల్లో ఎర్రర్ మెసేజ్ కూడా లేకుండా ప్రోగ్రామ్ కూలిపోతుంది. లూప్‌తో రాయడం నేర్చుకోవాలని పట్టుబట్టడానికి కారణం ఇదే.

రెండో అడుగు: ఫంక్షన్ ఏమిస్తుందో ఒక్క వాక్యంలో రాయండి

ఉదాహరణకి: "ఈ ఫంక్షన్‌కి ఏ నోడ్ ఇచ్చినా, ఆ నోడ్‌నీ దాని కింద ఉన్నవాటినీ కలిపిన సబ్‌ట్రీ ఎత్తు ఇస్తుంది." కోడ్ పైన కామెంట్‌గా ఈ వాక్యం పెట్టుకోండి. రాసేటప్పుడు ఎడమ పిల్ల మీద, కుడి పిల్ల మీద ఆ వాక్యం నిజమేనని నమ్మి ముందుకెళ్లండి. లోపలికి దిగి ప్రతి కాల్‌నీ మనసులో నడిపించాలని చూస్తే మూడో స్థాయి దగ్గరే దారి తప్పుతారు.

```
ఎత్తు(నోడ్):
    నోడ్ ఖాళీ అయితే 0 తిరిగివ్వు
    ఎ = ఎత్తు(నోడ్.ఎడమ)
    కు = ఎత్తు(నోడ్.కుడి)
    పెద్దది(ఎ, కు) + 1 తిరిగివ్వు
```

వాక్యం రాయలేకపోతున్నారంటే, పైనుంచి కిందికి ఏం పంపాలి, కిందినుంచి పైకి ఏం రావాలి అన్నది ఇంకా తేలలేదన్నమాట. ఈ రెండు దిశలనూ విడదీయడం వస్తే ట్రీ ప్రాబ్లమ్స్‌లో సగానికి సగం లొంగుతాయి. రెండు ఉదాహరణలు చూద్దాం.

ఇచ్చిన ట్రీ బైనరీ సెర్చ్ ట్రీయేనా అని తేల్చాలి. ప్రతి నోడ్ దగ్గరా ఎడమ పిల్ల చిన్నది, కుడి పిల్ల పెద్దది అని చూస్తే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. రూట్ 40, దాని ఎడమ 20, కుడి 60, ఆ 60కి ఎడమ 35 అనుకోండి. ప్రతి నోడ్‌నీ దాని పిల్లలతో పోల్చి చూస్తే ఏ తప్పూ దొరకదు. కానీ 35 అనేది 40కి కుడివైపు ఉంది, అక్కడ ఉండకూడదు. తాత పెట్టిన హద్దు మనవడికి చేరాలి, కాబట్టి ఇక్కడ కిందికి పంపాల్సింది ఒక కనిష్ఠం, ఒక గరిష్ఠం. ఎడమకి దిగితే గరిష్ఠం ప్రస్తుత నోడ్ విలువ అవుతుంది, కుడికి దిగితే కనిష్ఠం అవుతుంది. పైకి రావాల్సింది అవును లేదా కాదు, అంతే.

రెండోది డయామీటర్, అంటే ట్రీలో ఏ రెండు నోడ్ల మధ్యనైనా ఉన్న అతి పొడవైన దారి. కొత్తవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే, ఎందుకంటే పైకి పంపేది ఒకటి, కావాల్సిన జవాబు ఇంకొకటి. ఒక నోడ్ దగ్గర వంగి రెండు వైపులకూ దిగే దారి పొడవు, ఎడ్జ్‌లలో చెబితే, ఎడమ ఎత్తు కూడిక కుడి ఎత్తు. అది జవాబు కావచ్చు, కాబట్టి ఇప్పటిదాకా దొరికిన పెద్దదానితో పోల్చి పక్కన రాసుకోండి. కానీ పేరెంట్‌కి ఆ మొత్తం పనికిరాదు. రెండు వైపులకూ వంగిన దారిని మళ్లీ పైకి పొడిగించలేం కదా. పేరెంట్‌కి ఇవ్వాల్సింది రెండిట్లో పెద్ద ఎత్తు, దానికి 1 కలిపి. ఎత్తు ఫంక్షన్‌లో ఒక్క లైను చేరిస్తే డయామీటర్ అయిపోతుంది. నోడ్ల విలువల మొత్తం గరిష్ఠంగా ఉండే దారి కనుక్కోమన్నా ఇదే పద్ధతి. కాకపోతే కింది నుంచి వచ్చిన మొత్తం నెగటివ్ అయితే దాన్ని సున్నాగా తీసుకోవాలి, జవాబును మాత్రం సున్నాతో మొదలుపెట్టకూడదు. అన్ని విలువలూ నెగటివ్ అయిన ట్రీలో తప్పు బయటపడేది అక్కడే.

మూడో అడుగు: రికర్షన్‌ని లూప్‌గా మార్చండి

ఇన్‌ఆర్డర్‌తో మొదలుపెట్టండి. ఎడమకి దిగేటప్పుడు ఆగిపోయే పని ఏమిటి? "ఈ నోడ్‌ని ప్రింట్ చెయ్యాలి, తర్వాత దీని కుడివైపు చూడాలి." స్టాక్‌లోకి వెళ్లేది అదే.

```
ప్రస్తుతం = రూట్
ప్రస్తుతం ఖాళీ కానంతవరకు లేదా స్టాక్ ఖాళీ కానంతవరకు:
    ప్రస్తుతం ఖాళీ కానంతవరకు:
        ప్రస్తుతం‌ని పుష్ చెయ్
        ప్రస్తుతం = ప్రస్తుతం.ఎడమ
    ప్రస్తుతం = పాప్
    ప్రస్తుతం విలువ ప్రింట్ చెయ్
    ప్రస్తుతం = ప్రస్తుతం.కుడి
```

కాగితం తీసుకుని దీన్ని ఒక్కసారి చేత్తో నడపండి. రూట్ 40, దాని పిల్లలు 20, 60. 20కి పిల్లలు 10, 30. 60కి ఎడమ పిల్ల 50 ఒక్కటే. మొదట ఎడమకి దిగుతూ పోతే స్టాక్ 40, 20, 10 అవుతుంది. 10 పాప్ అయి ప్రింట్ అవుతుంది, దానికి కుడి లేదు. తర్వాత 20 పాప్, ప్రింట్, కుడికి వెళ్తే 30. అది పుష్ అయ్యాక స్టాక్‌లో ఉన్నవి 40, 30. ఇక్కడ ఆగి చూడండి: 30 దగ్గర ఉన్నాం, దాని పేరెంట్ 20 మాత్రం స్టాక్‌లో లేదు. ఎందుకంటే 20 దగ్గర చెయ్యాల్సిన పని ఏదీ మిగల్లేదు. రూట్ నుంచి మీరున్న చోటికి వచ్చిన దారి అంతా స్టాక్‌లో ఉంటుందని అనుకుంటే పొరపాటు. ఆ దారిలో పని మిగిలి ఉన్న నోడ్లే ఉంటాయి.

30 పాప్, 40 పాప్. ఇప్పుడు స్టాక్ ఖాళీ, కానీ ప్రస్తుతం 60 మీద ఉంది. బయటి లూప్ షరతులో స్టాక్‌ని మాత్రమే చూసి ఉంటే ఇక్కడే ఆగిపోయేది, కుడి సగం మొత్తం పోయేది. నిజానికి అలా రాస్తే లూప్ మొదలే కాదు, మొదట్లోనూ స్టాక్ ఖాళీనే. కాబట్టి ఆ "లేదా" చాలా అవసరం.

ప్రీఆర్డర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నోడ్‌ని పాప్ చేసి ప్రింట్ చేసి, కుడి పిల్లని ముందు, ఎడమ పిల్లని తర్వాత పుష్ చెయ్యండి. చివర పెట్టింది ముందు బయటికొస్తుంది కాబట్టి ఆ తలకిందుల క్రమం.

పోస్ట్‌ఆర్డర్ దగ్గరే అందరూ తడబడతారు. కుడికి వెళ్లేటప్పుడు కూడా నోడ్ పని పూర్తవదు, కాబట్టి దాన్ని పాప్ చేసి వదిలెయ్యలేం. ఆ నోడ్ దగ్గరికి మళ్లీ వచ్చినప్పుడు ఎడమ ముగించి వచ్చామా, కుడి ముగించి వచ్చామా తెలియాలి. అందుకని నోడ్‌తో పాటు ఎక్కడ ఆగామో కూడా రాసి పెట్టండి.

```
(రూట్, 0) పుష్ చెయ్
స్టాక్ ఖాళీ కానంతవరకు:
    (నోడ్, దశ) = పాప్
    నోడ్ ఖాళీ అయితే వదిలెయ్
    దశ 0 అయితే: (నోడ్, 1) పుష్, తర్వాత (నోడ్.ఎడమ, 0) పుష్
    దశ 1 అయితే: (నోడ్, 2) పుష్, తర్వాత (నోడ్.కుడి, 0) పుష్
    దశ 2 అయితే: నోడ్ విలువ ప్రింట్ చెయ్
```

రికర్షన్‌లో ప్రతి కాల్‌కీ భాష లోపల దాచుకునేది దాదాపు ఇంతే: ఏ నోడ్, ఏ లైను దగ్గర ఆగాం. ఈ కోడ్‌లో ప్రింట్‌ని దశ 0కి జరిపితే ప్రీఆర్డర్, దశ 1కి జరిపితే ఇన్‌ఆర్డర్. మూడు వేర్వేరు కోడ్లు బట్టీ పట్టే బదులు ఈ ఒక్కటి అర్థం చేసుకోవడం మేలు.

పోస్ట్‌ఆర్డర్‌కి ఇంకో చిట్కా బాగా ప్రచారంలో ఉంది. నోడ్, కుడి, ఎడమ క్రమంలో నడిచి, వచ్చిన జాబితాని తిరగేస్తారు. ప్రింట్ అయ్యేది సరైన క్రమమే. కానీ నడిచేటప్పుడు పేరెంట్ ముందు, పిల్లలు తర్వాత వచ్చారు. నడుస్తూ నడుస్తూనే ఎత్తు లెక్కపెట్టాలన్నా, నోడ్ల మెమరీ విడుదల చెయ్యాలన్నా ఆ చిట్కా పనిచెయ్యదు. ఇంటర్వ్యూలో వాడితే ఆ పరిమితి మీరే ముందు చెప్పెయ్యండి.

అసలు స్టాకే లేకుండా ఇన్‌ఆర్డర్ నడిచే మోరిస్ పద్ధతి 1979 నుంచి ఉంది. ఖాళీగా ఉన్న కుడి పాయింటర్లను వెనక్కి రావడానికి తాత్కాలికంగా వాడుకుని, తర్వాత మళ్లీ ఖాళీ చేస్తుంది. అదనపు మెమరీ స్థిరంగా ఉండాలని అడిగితేనే దాన్ని ఎత్తండి. నడుస్తున్నంతసేపూ ట్రీ ఆకారం మారుతూ ఉంటుంది, అదే సమయంలో ఇంకో థ్రెడ్ (అదే ప్రోగ్రామ్‌లో సమాంతరంగా నడిచే పని) ఆ ట్రీని చదువుతుంటే గందరగోళమే.

నాలుగో అడుగు: ట్రీ కనబడని చోట ట్రీని వెతకండి

ఇక్కడి నుంచి నాకు ఎక్కువ ఇష్టమైన భాగం. ఉత్త వరుసగా కనబడే స్టాక్ ప్రాబ్లమ్స్‌లో చాలావాటి వెనుక ఒక ట్రీ దాక్కుని ఉంటుంది.

తేలికైనది లెక్కల సూత్రం. (8 - 3) × (2 + 4) తీసుకోండి. దీని ట్రీలో రూట్ గుణకారం, ఎడమ తీసివేత, కుడి కూడిక. ఆ ట్రీని పోస్ట్‌ఆర్డర్‌లో రాస్తే 8 3 - 2 4 + × వస్తుంది, బ్రాకెట్లు మాయం. దీన్ని లెక్కించడానికి అంకె వస్తే పుష్, గుర్తు వస్తే రెండు పాప్ చేసి ఫలితాన్ని పుష్. 8, 3 ఉన్నచోట 5 వస్తుంది, తర్వాత 5, 2, 4 ఉన్నచోట 5, 6, చివరికి 30. ఒక్క జాగ్రత్త: ముందు పాప్ అయ్యేది కుడివైపు సంఖ్య. కూడికలో, గుణకారంలో ఆ తప్పు కనబడదు, కాబట్టి టెస్ట్ చేసేటప్పుడు తీసివేత గానీ భాగహారం గానీ తప్పకుండా పెట్టండి. జర్మనీలో ఫ్రీడ్రిష్ బావర్, క్లాస్ సామెల్సన్ 1957లో స్టాక్ పద్ధతికి పేటెంట్ దరఖాస్తు పెట్టింది ఇలాంటి సూత్రాలను యంత్రం చేత లెక్కించే పని మీదే. బ్రాకెట్లున్న మామూలు సూత్రాన్ని ఈ రూపంలోకి మార్చే షంటింగ్ యార్డ్ అల్గారిథమ్‌ని డైక్‌స్ట్రా 1961లో ఇచ్చాడు. అది రాసేటప్పుడు స్టాక్‌లో ఉండేవి కుడివైపు సంఖ్య ఇంకా పూర్తిగా దొరకని గుర్తులు, ఇంకా మూతపడని బ్రాకెట్లు.

ఇప్పుడు అసలైనది: ప్రతి సంఖ్యకీ దాని కుడివైపు మొట్టమొదట వచ్చే పెద్ద సంఖ్యని కనుక్కోవాలి. వరుస 4, 2, 3, 7, 5 అనుకోండి. ఇక్కడ మిగిలిన పని ఏమిటి? ఇంకా జవాబు దొరకని సంఖ్యలు. వాటినే స్టాక్‌లో పెట్టండి. 4 పుష్. 2 వచ్చింది, అది 4కి జవాబు కాదు, పుష్. 3 వచ్చింది, 2కి జవాబు దొరికింది, 2 పాప్. 4కి ఇంకా దొరకలేదు, 3 కూడా పుష్. 7 వచ్చింది, 3కీ 4కీ రెండిటికీ అదే జవాబు, రెండూ పాప్, 7 పుష్. 5 వచ్చింది, 7 మీద పుష్. వరుస అయిపోయింది, 7, 5 మిగిలిపోయాయి, వాటికి జవాబు లేదు. లూప్ లోపల లూప్ ఉంది కదా అని దీన్ని ఎన్ స్క్వేర్ (ఎన్ × ఎన్ అడుగుల పని) అనుకోవద్దు. ప్రతి సంఖ్యా ఒకసారి పుష్ అవుతుంది, మహా అయితే ఒకసారి పాప్ అవుతుంది. మొత్తం పని 2 ఎన్ దాటదు. స్టాక్‌లో విలువలకు బదులు ఇండెక్సులు (వరుసలోని స్థానాలు) పెట్టడం అలవాటు చేసుకోండి. ఎంత దూరంలో ఉందో అడిగే ప్రాబ్లమ్స్‌కి అవే కావాలి.

ఇప్పుడు ఇదే కోడ్‌కి రెండు లైన్లు చేర్చండి. కొత్త సంఖ్య కొన్నిటిని పాప్ చేయిస్తే, చివర పాప్ అయినదాన్ని కొత్తదానికి ఎడమ పిల్లగా పెట్టండి. పాప్‌లు అయ్యాక స్టాక్ పైన ఇంకా ఏదైనా మిగిలితే, కొత్తదాన్ని దానికి కుడి పిల్లగా పెట్టండి. మన వరుసలో 2 వెళ్లి 4కి కుడి అవుతుంది. 3 వచ్చి 2ని ఎడమగా తీసుకుని, తాను 4కి కుడి అవుతుంది. 7 వచ్చి 4ని ఎడమగా తీసుకుంటుంది. 5 వెళ్లి 7కి కుడి అవుతుంది. చివరికి 7 రూట్‌గా ఒక ట్రీ తయారైంది. దాన్ని ఇన్‌ఆర్డర్‌లో చదివితే 4, 2, 3, 7, 5, అంటే మొదటి వరుసే. ప్రతి పేరెంటూ తన పిల్లలకంటే పెద్దది. దీన్నే కార్టీసియన్ ట్రీ అంటారు, జాన్ వుయిల్మాన్ 1980లో దీన్ని పరిచయం చేశాడు. ఏ క్షణంలో చూసినా స్టాక్‌లో ఉన్నది ఆ ట్రీ రూట్ నుంచి కుడివైపే దిగుతూ పోయే దారి.

ఇది తెలిస్తే ఏం లాభం అంటారా? హిస్టోగ్రామ్‌లో అతిపెద్ద దీర్ఘచతురస్రం ప్రాబ్లమ్ (పక్కపక్కనే నిలబెట్టిన ఒకే వెడల్పు కడ్డీల లోపల పట్టే అతిపెద్దది కనుక్కోవడం) తీసుకోండి, చాలామంది కోడ్ బట్టీ పట్టి మర్చిపోయేది. ఎత్తులు 3, 1, 4, 5, 2. ఈసారి చిన్నది పైన ఉండేలా ట్రీ కట్టండి. రూట్ 1, దాని ఎడమ 3, కుడి 2. ఆ 2కి ఎడమ 4, ఆ 4కి కుడి 5. ఒక కడ్డీ ఎత్తును ఎంత వెడల్పు దాకా సాగదీయవచ్చు? దాని సబ్‌ట్రీలో ఎన్ని నోడ్లున్నాయో అంత, ఎందుకంటే సబ్‌ట్రీలో ఉన్నవన్నీ దానికంటే ఎత్తైనవి, బయట రెండు పక్కలా తగిలేవి దానికంటే పొట్టివి. కాబట్టి 1కి 5 నోడ్లు, వైశాల్యం 5. 3కి 1 నోడ్, వైశాల్యం 3. 2కి 3 నోడ్లు, 6. 4కి 2 నోడ్లు, 8. 5కి 1 నోడ్, 5. జవాబు 8. రెండో అడుగులో రాసిన ఎత్తు ఫంక్షన్ లాంటిదే, ఎత్తుకు బదులు నోడ్ల సంఖ్య పైకి పంపితే చాలు.

ఒకే ఎత్తున్న కడ్డీలు రెండుంటే ఏమవుతుంది? ఒకటి రెండోదాని కిందికి చేరుతుంది. కింద ఉన్నదానికి వెడల్పు తక్కువగా లెక్క వస్తుంది, కానీ పైనున్నదానికి పూర్తి వెడల్పు వస్తుంది కాబట్టి గరిష్ఠం తప్పదు. పరీక్షల్లో ట్రీ కట్టకుండా నేరుగా స్టాక్‌తోనే రాస్తారు, అది వేగం కూడా. పాప్ అయిన క్షణంలో వెడల్పు ఎందుకు అలా లెక్క కడుతున్నారో అర్థం కాకపోతే ఈ బొమ్మ గీసుకోండి.

చివరిగా, టెస్ట్ చెయ్యడం, సాధన

ఏ ట్రీ కోడ్ రాసినా ఇవి పెట్టి చూడండి: ఖాళీ ట్రీ, ఒక్క నోడ్, ఎడమకే దిగే గొలుసు, కుడికే దిగే గొలుసు, రెండు చోట్ల ఒకే విలువ. నిండుగా అందంగా ఉన్న ట్రీ పెడితే తప్పులు బయటపడవు. రూట్ నుంచి లీఫ్ (పిల్లలు లేని నోడ్) దాకా దారులన్నీ సేకరించే ప్రాబ్లమ్ అయితే, వెనక్కి వచ్చేటప్పుడు దారి చివరి నోడ్‌ని తీసేశారా, జవాబులో పెట్టేటప్పుడు దారిని కాపీ చేశారా చూడండి. కాపీ చెయ్యకపోతే జవాబులో ఉన్న జాబితాలన్నీ చివరికి ఖాళీగా కనబడతాయి.

సాధనకి నేను చెప్పే వరుస ఇది. ముందు ఎత్తు, డయామీటర్, బైనరీ సెర్చ్ ట్రీ సరిచూడటం, ఈ మూడూ రికర్షన్‌తో. తర్వాత స్టాక్‌తో ఇన్‌ఆర్డర్ రాసి, దాన్నే మధ్యలో ఆపి, అడిగినప్పుడల్లా తర్వాతి చిన్న విలువ ఇచ్చే ఇటరేటర్‌గా మార్చండి. కె-వ చిన్న సంఖ్య కనుక్కోవడం దానితోనే వచ్చేస్తుంది. తర్వాత ఎత్తు ఫంక్షన్‌ని దశలున్న స్టాక్‌తో, రికర్షన్ లేకుండా మళ్లీ రాయండి. పిల్లల ఎత్తులు పేరెంట్‌కి ఎలా అందించాలన్నది మీరే ఆలోచించాలి, ఇందులో అదే కష్టం. అది పూర్తయ్యాక కుడివైపు పెద్ద సంఖ్య, హిస్టోగ్రామ్, ఆ తర్వాత ప్రీఆర్డర్ వరుస ఒక్కటే ఇచ్చి బైనరీ సెర్చ్ ట్రీ తిరిగి కట్టమనే ప్రాబ్లమ్. కార్టీసియన్ ట్రీ కట్టిన చేత్తోనే దాన్ని కట్టొచ్చు, కాకపోతే చివర పాప్ అయిన నోడ్‌కి కొత్తది కుడి పిల్ల అవుతుంది, ఏదీ పాప్ కాకపోతే స్టాక్ పైనున్నదానికి ఎడమ పిల్ల అవుతుంది.